గేదె మీద పూసిన తెల్ల రంగు

నేను ఆరో తరగతి రెండుసార్లు చదివాను. మొదటిసారి పాఠం నాకు అర్థం కాలేదు. రెండోసారి నేను మాస్టారికి అర్థం కాలేదు. మూడోసారి కూడా కూర్చోబెడితే ఆయనే ఉద్యోగం మానేసేట్టున్నాడని మా నాన్న నన్ను బడి మాన్పించి లారీల షెడ్డులో పడేశాడు. చదువు రాదని బడి మాన్పించిన నేను తర్వాత నలభై ఏళ్లు లారీల మీద అక్షరాలు రాసి బతికాను. రాసినదాని అర్థం అన్నిసార్లూ తెలిసేదని చెప్పను. ఓనరు కాగితం మీద ఇచ్చింది చూసి దించడమే. ఒకసారి ఒక పెద్దాయన శ్లోకం ఇచ్చాడు. రాశాను. లారీ ముందు నిలబడి చదువుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అంత బాగా కుదిరిందా అని నేను మురిసిపోతుంటే, "మొదటి పాదం తీసుకెళ్లి ఆఖర్లో పెట్టావు కదయ్యా" అన్నాడు.

నా పేరు సైదా. చిలకలూరిపేటలో హైవే పక్కన లారీ బాడీలకు రంగులు వేసే షెడ్డు నాది. మోకాళ్లు, కళ్లు ఒకే ఏడాది రాజీనామా ఇవ్వడంతో ఇప్పుడు అందులో నాకు మిగిలింది ఒక కుర్చీ. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు అడుగుతుంటారు, ఏమైనా చెప్పు బాబాయ్ అని. ఎన్ని లారీలకు వేశాను, ఎవరు మెచ్చుకున్నారు, అవన్నీ వదిలేస్తాను. నాకు ఒకే ఒక్కసారి శాలువా కప్పారు. అదీ పక్క కుర్చీలో ఆయనకు కప్పబోయి.

నేను చెప్పదలచింది ఒక మనిషి సంగతి. నాకంటే మంచి చెయ్యి ఉన్నవాడు నా షెడ్డులోకి వచ్చాడు. ఒక్క జోకుతో వాణ్ణి బయటికి పంపించాను. మళ్లీ కుంచె పట్టించడానికి మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ ఎలా గడిచాయో చెబితే, మీలో ఒకరైనా నోరు తెరిచేముందు ఆగుతారని ఆశ.

రుద్దుడు, చిల్లుల కాగితం

లారీ పెయింటరంటే బొమ్మలు వేసేవాడనుకుని వస్తారు. బొమ్మ ఆఖరి రోజు. దానికి ముందు పది రోజులూ రుద్దుడే. పాత రంగు గీకాలి, తుప్పు రుద్దాలి, సొట్టల్లో లప్పం పెట్టాలి, ఆరాక రుద్దాలి, రెడ్డాక్సైడ్ కొట్టాలి, మళ్లీ రుద్దాలి. రుద్దీ రుద్దీ వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. రేషన్ షాపులో వేలిముద్ర వేయబోతే మిషను నన్ను మనిషిగా ఒప్పుకోలేదు. మా ఆవిడ మాబున్ని మాత్రం, "మిషనుకి తెలివుంది" అంది.

నాకు పని నేర్పింది బుడే సాహెబ్. కోపిష్టి, కానీ పనిలో మోసం చేయని మనిషి. "లారీ ఎవరిదో, రంగు ఆరేదాకా వాళ్ల దేవుడే మన దేవుడు" అనేవాడు. ఆ లెక్కన నేను వెంకన్నని, ఆంజనేయుణ్ణి, ఏసుప్రభువుని, మా దర్గాలని అందరినీ చేత్తో తాకినవాణ్ణి. పైలోకంలో గేటు ఎవరు తీసినా నాకు ముఖపరిచయం ఉంది.

బొమ్మలకు మా దగ్గర ఒక పద్ధతుంది. దళసరి కాగితం మీద బొమ్మ గీసి, గీత పొడవునా సూదితో చిల్లులు పొడుస్తాం. ఆ కాగితాన్ని లారీకి అతికించి బొగ్గుపొడి మూటతో అద్దితే చిల్లుల్లోంచి నల్ల చుక్కలు దిగుతాయి. చుక్కలు కలుపుకుంటూ పోతే బొమ్మ. గద్ద, సింహం, నెమలి, ఆవూ దూడా, ఏది కావాలన్నా కాగితమే. ఏ షెడ్డు కాగితాలు ఆ షెడ్డువి. పక్కవాడికి చూపించం. బుడే సాహెబ్ పనికి దూరమైన రోజున తన కట్ట నా చేతిలో పెట్టాడు. పెట్టి ఒక మాట అన్నాడు.

"నీ గీత శుభ్రంగా ఉంటుందిరా సైదా. కానీ ఖాళీ రేకు ముందు నిలబెడితే నీ చెయ్యి వణుకుద్ది. ఈ కాగితం వదలబాక."

ఆయన అన్నది నిజం. అందుకే అంతగా గుచ్చుకుంది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన ఆ మాటతో ఆగకుండా ఉండాల్సింది. "వణికితే వణికింది, గియ్యి" అని ఇంకో మాట అని ఉంటే ఏమయ్యేదో. ఆయన అనలేదు, నేను గియ్యలేదు. కాగితాల కట్ట ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. అది నలభై ఏళ్లు ఆ జేబులోనే ఉంది. చొక్కాలు మారాయి, జేబు మారలేదు.

కోటి

మిరపకు నల్లతామర పురుగు తగిలి చేలకు చేలు మాడిపోయిన ఏడాది కోటేశ్వరరావు పని కోసం వచ్చాడు. మార్టూరు వైపు పల్లె. కౌలుకు మిరప వేసి చేతులు కాల్చుకున్నాడు. ముప్పై దాటినవాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. అందరూ కోటి అనేవాళ్లు. మాట తక్కువ. నాది ఎక్కువ. ఇద్దర్నీ కలిపి భాగిస్తే షెడ్డులో మామూలు మనుషులు ఉన్నట్టు ఉండేది.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అందరూ కునుకు తీస్తుంటే వాడు ఒక పాత రేకు మీద సుద్దముక్కతో ఏదో గీసుకునేవాడు. ఒకరోజు ఎదురుగా టీ కొట్టు నడిపే అంజమ్మను గీశాడు. టీ తిరగబోస్తూ ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి కిందికి. నాలుగైదు గీతలంతే. అంజమ్మ రోడ్డు దాటి వచ్చి చూసింది.

"ఏందిరా, నా నడుం ఇంత లావా?"

"లేదక్కా. తగ్గించే వేశా."

ఆ రోజే తెలిసింది వాడికి మాటలు కూడా వచ్చని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, "అది పని రేకురా" అని దాని మీద రెడ్డాక్సైడ్ కొట్టించాను. అవసరమా అంటే, ఆ రేకుతో ఆరోజు నాకే పనీ లేదు.

తాళంచెవి ఒంగోలు వెళ్లిన రోజు

వాడు వచ్చి ఏడాదైంది. ఫిబ్రవరి నెల. గుంటూరు యార్డుకు మిరప లారీలు వరస కట్టే రోజులు. పర్చూరు వైపు రైతు సుబ్బారావు గారు తన లారీకి కొత్త రంగులు వేయించారు. సోమవారం పొద్దున పూజ, మధ్యాహ్నం లోడు. వెనక తలుపు మీద ఆవూ దూడా వేయమని చెప్పి వెళ్లారు. అదొక్కటే మిగిలింది.

శనివారం నేను ఒంగోలులో మా మరదలి కూతురు పెళ్లికి పోయాను. ఆదివారం బిర్యానీ ముందు కూర్చున్నప్పుడు కోటి ఫోను.

"బాబాయ్, పెట్టె తాళంచెవి ఏడుంది?"

చెయ్యి జేబు మీదికి పోయింది. "నాతోపాటు పెళ్లికొచ్చిందిరా."

"మరి ఆవు?"

"నువ్వే గీసెయ్. నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, ఒక తోక. లెక్క తప్పకుండా చూసుకో."

"నిజంగా గీసెయ్యనా?"

"గీసెయ్ రా బాబూ, బిర్యానీ చల్లారిపోతోంది."

గమనించండి. తాళంచెవి ఎవరికైనా ఇచ్చి వెళ్లి ఉంటే ఈ కథే లేదు. నా కాగితాలు ఎవరైనా చూస్తారేమో అన్న భయం నాది. ఆ భయం వల్లే వాడి చేతికి ఖాళీ రేకు దొరికింది.

సోమవారం పొద్దున్నే వచ్చాను. లారీ వెనక్కి వెళ్లి ఆగిపోయాను.

అది ఆవు కాదు. గేదె. అప్పుడే కాలవలోంచి లేచి వచ్చింది. పొట్ట కిందిభాగం తడిసి నిగనిగలాడుతోంది. పైభాగం బురద ఆరి బూడిదరంగులో ఉంది. రెంటికీ మధ్య నీటి గీత. దూడ ముట్టెతో పొదుగును కుమ్ముతోంది. గేదె మెడ తిప్పి మనవైపు చూస్తోంది, వీణ్ణి తన్నాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు. ఆ నలుపులో వాడు నీలం కలిపాడు. నలుపులో నీలం కలపొచ్చని అన్నేళ్ల పనిలో నాకు ఒక్కసారీ తట్టలేదు.

జేబులో తాళంచెవిని గట్టిగా పట్టుకున్నాను.

"ఆవేదిరా?" అన్నాను.

"ఆవును నేను ఎప్పుడూ దగ్గర్నించి చూడలేదు బాబాయ్. మా ఇంట్లో ఉన్నది గేదె. చూడంది వేస్తే అబద్ధంగా ఉంటదని..."

రంగంటిన చేతులు తుడుచుకుంటూ, "ఎట్టా ఉంది?" అని అడిగాడు.

నేను జవాబు చెప్పేలోగా సుబ్బారావు గారి మోటార్ సైకిల్ వచ్చి ఆగింది.

నవ్వు

లారీ మీద గేదెను వేయరు. ఏ లారీ మీదా మీకు కనబడదు. దున్నపోతు యముడి వాహనం. రోడ్డు మీద తిరిగే బండికి వెనక యముడి వాహనం కట్టుకుని ఎవరు తిరుగుతారు? కోటి సేద్యగాడు. గేదె అంటే వాడికి పాలు, పెరుగు, పిల్లల ఫీజులు.

సుబ్బారావు గారి మొహం ఎర్రబడింది. "ఏందయ్యా ఇది? యముడి బండా నాది?"

"పాలిచ్చే గేదె అండీ అది, దున్నపోతు కాదు" అన్నాడు కోటి. "దూడ కూడా ఉందండీ, చూడండి."

అప్పటికే అక్కడ జనం పోగయ్యారు. డ్రైవర్లు, బాడీ వడ్రంగులు, అంజమ్మ కొట్టు దగ్గర టీ తాగేవాళ్లు. అందరూ నావైపు చూశారు. సైదా ఉన్న చోట ఏదో ఒక మాట పడుతుందని వాళ్లకు తెలుసు. పడింది.

"కోప్పడకండి సుబ్బారావు గారూ. ఇక మీకు ఇన్సూరెన్స్ దండగ. యముడు గారే వెనక కూర్చుని వస్తుంటే మిమ్మల్ని తీసుకుపోవడానికి వేరే ఎవరొస్తారు?"

జనం పగలబడ్డారు. సుబ్బారావు గారు కూడా కోపం మరిచి నవ్వేశారు. నాకు ఊపొచ్చింది. "మావాడు ఆవును అడిగితే గేదెను వేశాడు. రేపు లక్ష్మీదేవిని అడగబాకండి, వాళ్లావిణ్ణి వేస్తాడు" అన్నాను. ఇంకా నవ్వారు. కోటి కూడా నవ్వాడు. అందరికంటే ఆఖర్న మొదలుపెట్టి, అందరికంటే ముందు ఆపేశాడు.

ఇనప్పెట్టె తెరిచాను. వెడల్పాటి బ్రష్షు తీసి గేదె మీద త్వరగా ఆరే తెల్ల రంగు పూశాను. మొదట కళ్ల మీద. డబ్బా పట్టుకుని నిలబడింది కోటే. పైన కాగితం అతికించి, బొగ్గుపొడి అద్ది, గంటన్నరలో బుడే సాహెబ్ కాలంనాటి ఆవును దించేశాను. పూజ అయింది. కొబ్బరికాయ కొట్టారు. లారీ వెళ్లిపోయింది.

కోటి బ్రష్షులన్నీ కిరసనాయిల్లో కడిగాడు. గుడ్డతో తుడిచి, చిన్నవి ఒక పక్క పెద్దవి ఒక పక్క పెట్టాడు. చొక్కా తొడుక్కుని, "వస్తా బాబాయ్" అన్నాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

ఇంట్లో అన్నం తింటూ మా ఆవిడకు ఈ సంగతంతా చెప్పాను, జోకులతో సహా. మాబున్ని నవ్వలేదు.

"నువ్వు జోకేశావంటే కింద ఏదో కప్పెట్టినట్టే. నిఖా అయిన నెలకే నాకు తెలిసింది. ఏం కప్పెట్టావు?"

చాలాసేపు పప్పు కలుపుకున్నాను. "వాడు నాకంటే బాగా వేశాడు" అన్నాను.

"ఆ మాట వాడికి చెప్పావా?"

చెప్పలేదు.

మిల్లు గేటు

కోటి ఊరి చివర జిన్నింగ్ మిల్లులో చేరాడని తెలిసింది. నొక్కి కట్టిన పత్తి మూటల మీద, అదే బేళ్ల మీద, నల్ల సిరాతో నంబర్లు వేసే పని. బొమ్మలు వేయడం మానేశాడని డ్రైవర్లు చెప్పారు. అంజమ్మ తన కొట్టు మీద ఏదైనా వెయ్యమంటే, "చెయ్యి పోయిందక్కా" అన్నాడట.

అది విన్నాక నాకు అన్నం సయించలేదు. చెయ్యి విరిగితే కట్టు కడతాం. నవ్వితే పోయిన చేతికి ఏం కట్టాలి? కానీ ఒకటి మాత్రం గట్టిగా అనుకున్నాను. వీడితో మళ్లీ కుంచె పట్టించకుండా నేను ఈ షెడ్డు మూయను. మోకాళ్లు సహకరించినా, లేకపోయినా.

శుక్రవారం నమాజు అయ్యాక మిల్లు గేటుకు పోవడం మొదలుపెట్టాను. వాడు మర్యాదగానే వచ్చేవాడు. జుట్టు నిండా దూదిపింజలు.

"ఏరా, నాకంటే ముందే ముసలాడివయ్యావు?"

"టీ తాగుతావా బాబాయ్?"

"కుంచె మాత్రం వదల్లేదన్నమాట."

"నంబర్లు బాబాయ్. వాటికి కాళ్లుండవు, కొమ్ములుండవు. ఎవురికీ కోపం రాదు."

అలా ఎన్ని శుక్రవారాలో. షెడ్డుకు రమ్మంటే నవ్వేవాడు. ఒకసారి మంచి కుంచెలు కొనుక్కెళ్లాను. వాచ్‌మన్ కూతురు బడిలో బొమ్మలేస్తుందని ఆ అమ్మాయికి ఇచ్చేశాడు. ఇంకోసారి వాడి భార్య దగ్గరికి వెళ్లి చెప్పించబోయాను. ఆమె, "ఆయన మానేసినందుకు బాధపడేది మీరొక్కరే అనుకుంటున్నారా అన్నయ్యా?" అని తలుపు దగ్గరగా వేసింది.

మూడో ఏడు పూర్తి కావస్తుండగా ఒక శుక్రవారం, గేటు పక్కన ఎవరూ లేకుండా చూసి, వాడి చెయ్యి పట్టుకుని, "తప్పయిందిరా" అన్నాను. చాలా పెద్ద పని చేశాననుకున్నాను.

కోటి చెయ్యి విడిపించుకున్నాడు. "నవ్వింది నలుగురిలో. తప్పయిందనేది నా చెవిలోనా బాబాయ్?" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఇంటికి నడిచి వచ్చాను. ఆటో ఎక్కాలని కూడా తోచలేదు.

నా గేదె

షెడ్డు ముందువైపు, హైవేకు కనబడేలా పెద్ద రేకు గోడ ఉంది. మర్నాడు దానికి తెల్ల రంగు కొట్టి, ఆరాక, నల్ల రంగు డబ్బా పట్టుకుని దాని ముందు నిలబడ్డాను. గేదెకు చిల్లుల కాగితం ఉండదు. ఏ షెడ్డులోనూ ఉండదు. బుడే సాహెబ్ చెప్పినట్టే చెయ్యి వణికింది.

వణికినా గీశాను. తొమ్మిది రోజులు. పొద్దున్నే కాలవ గట్టుకు పోయి గేదె ఎదురుగా కూర్చునేవాణ్ణి. అది నన్ను చూసేది, నేను దాన్ని చూసేవాణ్ణి. ఇద్దరిలో దానికే ధైర్యం ఎక్కువ. వచ్చి గీస్తే ఒకరోజు కుక్క వచ్చేది, ఒకరోజు సోఫా వచ్చేది. తుడిచి మళ్లీ గీసేవాణ్ణి.

తొమ్మిదో రోజు అంజమ్మ టీ పట్టుకొచ్చి తల పక్కకు వంచి చూసింది.

"సైదన్నా, పంది బాగా కుదిరింది."

"గేదె, అంజమ్మా."

"అయ్యో పాపం. ఏం జబ్బు చేసిందన్నా దానికి?"

ఇక తుడవలేదు. దాని కింద నాకు చేతనైన అక్షరాలతో, హైవే మీద పోయేవాడికి కనబడేంత పెద్దగా రాశాను. "ఇది గేదె. వేసింది సైదా. గేదెను నిజంగా వేయగల కోటేశ్వరరావును నలుగురిలో నవ్వి పంపించింది కూడా ఈ సైదాయే. తప్పు నాది." అక్షరాలు మాత్రం చూడముచ్చటగా కుదిరాయి.

లారీలు ఆగేవి. డ్రైవర్లు దిగి చదివి, గేదెను చూసి, నన్ను చూసి, కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. ఒకడు దాని పక్కన నిలబడి సెల్ఫీ దిగి, "ఇద్దర్లో ఎవరు గేదెరా?" అని ఫ్రెండును అడిగాడు. నేను కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నాను. నాలుక దురద పెట్టింది. ఒక్క జవాబు కూడా ఇవ్వలేదు. నవ్వు ఎటునుంచి తగులుతుందో నాకు అప్పటిదాకా తెలియదు, ఎప్పుడూ విసిరే వైపే ఉన్నాను కాబట్టి.

అలా రాసిన ఆరో రోజు సాయంత్రం బేళ్లు తీసుకుపోయే లారీలోంచి కోటి దిగాడు. రేకు ముందు నిలబడ్డాడు. అంజమ్మ కొట్టు దగ్గర గ్లాసులు ఆగిపోయాయి.

"ఏంది బాబాయ్ ఇది? పరువు తీస్తున్నావు."

"నా పరువేగా, నేనే తీసుకుంటున్నా."

"నీది కాదు. గేదెది."

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వు ఆగేదాకా ఆగి, కుర్చీలోంచి లేచి, అందరికీ వినబడేలా చెప్పాను. "కోటీ, ఆరోజు నువ్వు వేసిన గేదె నేను పుట్టి బుద్ధెరిగి వేసిన అన్ని బొమ్మలకంటే మంచిది. ఆ నలుపులో నీలం చూడగానే నాకు తెలిసింది. ఎట్టా ఉంది బాబాయ్ అని అడిగావు, నోట్లోంచి మంచి మాట రాలా. కుళ్లుకున్నాను. అందుకే నవ్వాను. నవ్వి తుడిచేశాను."

కోటి నావైపు చూడలేదు. రేకునే చూస్తున్నాడు. ఆ చూపు ఎటు పోతోందో నాకు తెలుసు. తప్పు గీత ఎక్కడుందో పనివాడి కన్ను అక్కడికే పోతుంది, వద్దన్నా ఆగదు.

"వెనక కాళ్లు అట్టా వంగవు" అన్నాడు చివరికి. "గేదె లేచేటప్పుడు మొదట వెనక భాగం లేపుద్ది. నువ్వు ముందు కాళ్ల మీద లేపావు. నీ మోకాళ్ల నొప్పి దానికి పెట్టావు."

"మరి ఎట్టా వంగాలి?"

"నలుపు ఉందా?"

"ఉంది."

"నీలం?"

"తెచ్చి పెట్టా."

దూది దులుపుకుని చొక్కా చేతులు మడిచాడు. నా గేదెను తుడవలేదు. దాని మీదే ఒక్కో గీతా దిద్దుకుంటూ పోయాడు. వెనక కాళ్లు లేచాయి. మెడ తిరిగింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు, తడబడలేదు. కింద నా అక్షరాలను చెరిపెయ్యమని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. ఇప్పటికీ ఉన్నాయి, చదువుకోవచ్చు.

చోటు

నెల తర్వాత సుబ్బారావు గారు వచ్చారు. రేకు ముందు మోటార్ సైకిల్ ఆపి, దిగకుండా చూశారు.

"లారీ మీద మాత్రం వద్దయ్యా" అన్నారు ముందుజాగ్రత్తగా. తర్వాత, "మా తమ్ముడు పాల కేంద్రం పెడుతున్నాడు. గోడ ఖాళీగా ఉంది. మీవాడు వస్తాడా?" అన్నారు.

ఆ మాట విని తల బాదుకున్నాను. మూడేళ్ల కిందట నేను చెప్పాల్సిన మాట అదే. "ఒరేయ్, బొమ్మ గొప్పగా ఉంది. చోటు ఇది కాదు. లారీ మీద ఆవును దించుదాం, దీనికి ఒక పాల కేంద్రం గోడ వెతుకుదాం." టీ గ్లాసు ఖాళీ అయ్యేలోపు చెప్పే మాట. సుబ్బారావు గారి పని ఆగేది కాదు, కోటి షెడ్డు దాటేవాడు కాదు. పనికిరాని చోట ఉన్న మంచి పనిని పనికిరాని పని అనేయడం మన పెద్దవాళ్లకు బాగా అలవాటు.

కోటి ఇప్పటికి పర్చూరు పాల కేంద్రం గోడ, మార్టూరులో ఒక బడి గోడ, సింగరాయకొండ దారిలో రెండు హోటళ్లు వేశాడు. కొత్తపట్నంలో పడవలకు వేయడానికి పిలిచారు. మిల్లు పని మానలేదు. మానమని నేనూ చెప్పను. లారీలకు బొమ్మల బదులు స్టిక్కర్లు అంటించే ఈ రోజుల్లో కుంచె ఒక్కదాన్నే నమ్ముకోమని నోటికొచ్చినట్టు సలహా ఇచ్చేవాళ్లు, మీ ఇంట్లో బియ్యం ఉన్నాయో లేదో అడగరు. కడుపుకు ఒక పని పెట్టుకోండి, చేతికి ఒక పని పెట్టుకోండి. ఒకటి అలసిపోతే రెండోది నిలబెడుతుంది. చేతి పనిని మాత్రం ఏ ఒక్కరోజూ పస్తు పెట్టకండి.

మంచి చెయ్యి ఉన్నవాళ్లారా, ఎవడో నవ్వాడని ఆగకండి. నవ్వినవాడి లోపల ఏముందో నన్ను చూసి తెలుసుకోండి. మిమ్మల్ని చూసి గట్టిగా నవ్వేవాడు చాలాసార్లు మీ పనిని అందరికంటే బాగా అర్థం చేసుకున్నవాడే.

పని నేర్పే చోట పైన ఉన్నవాళ్లారా, మీకోసం ఇంకొంచెం కఠినంగా చెబుతాను. బాగుంది అని ఊరికే అనకండి, అది టీ బాగుందన్నట్టు ఉంటుంది. ఏది బాగుందో వేలుపెట్టి చూపించండి. ఈ నీలం బాగుంది, ఈ మెడ బాగుంది అనండి. చూపించడానికి మీకు నోరు రాకపోతే, ఎందుకు రావడం లేదో ఇంటికెళ్లి మీ ఆవిణ్ణి అడగండి. తాళంచెవి జేబులో పెట్టుకుని తిరగకండి. నా కాగితాల కట్ట మొన్న కోటి చేతిలో పెడితే, "ఇవెందుకు బాబాయ్ నాకు?" అన్నాడు. నలభై ఏళ్లు కాపలా కాసిన ఆస్తి అది.

ఇదంతా రాసి, నిన్న కోటిని కూర్చోబెట్టి చదివి వినిపించాను. ఒక మనిషిలో ఆరిపోయిన ఆసక్తిని నేను ఎంత పట్టుదలతో మళ్లీ వెలిగించానో విని వాడు కరిగిపోతాడని అనుకున్నాను. వాడు రంగు కలుపుతూ చివరిదాకా విన్నాడు.

"అంతా బానే ఉంది బాబాయ్. మూడేళ్లు బొమ్మలు మానేశానని రాశావే, నీకెవరు చెప్పారు? ఒక్కో బేలు అడుగున ఒక్కో బొమ్మ వేసి పంపించా. కోయంబత్తూరు మిల్లుల దాకా పోయినయ్యి. నీకు చూపించలా, అంతే."